గుండె వైఫల్యం ఉన్నవారికి నడక: ఎంత, ఎప్పుడు, ఎక్కడ

ఇంటి పెద్దకు గుండె బలహీనంగా ఉన్నదని వైద్యులు చెప్పిన నాటి నుంచి ఆ ఇంటి నడవడిక మారిపోతుంది. నాయనను వీధిలోకి పోనివ్వరు. అవ్వ చేతిలోని నీళ్ల చెంబును సైతం కోడలు అందుకొంటుంది. "మీరు కదలకండి, అన్నీ మేము చూసుకొంటాము" అనే మాటలో ఉన్నది ప్రేమే. అయితే నెలల తరబడి మంచానికీ కుర్చీకీ పరిమితమైన మనిషి కాళ్లలో సత్తువ తగ్గుతుంది. కాళ్లు బలహీనపడినకొద్దీ నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసాన్ని చూసి ఇంటివారు మరింత విశ్రాంతి ఇస్తారు. చివరకు స్నానానికి లేవడమే ఒక పెద్ద పని అవుతుంది.

స్థితి నిలకడగా ఉన్న గుండె వైఫల్య రోగికి మితమైన, క్రమమైన నడక చికిత్సలో ఒక భాగమని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. మందులకు ఉన్నట్లే నడకకూ మోతాదు ఉన్నది, వేళ ఉన్నది, మానవలసిన రోజూ ఉన్నది. పడమటి కొండల అడుగున ఉన్న మన బోడినాయకనూరులో ఆ మోతాదును ఎలా పాటించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది వైద్యుని సలహాకు బదులు కాదు. ఆ సలహాను అర్థం చేసుకొని ఆచరించడానికి తోడు మాత్రమే.

గుండె వైఫల్యం అంటే ఏమిటి?

పేరు భయపెట్టేదిగా ఉన్నా, గుండె ఆగిపోయిందని దీని అర్థం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడమే గుండె వైఫల్యం. తోట బావిలోని మోటారును తలచుకోండి. మోటారు బలం తగ్గితే చివరి మడికి నీరు అందదు. గుండె విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ముందుకు పోని రక్తం వెనుక వైపు ఒత్తిడిని పెంచుతుంది. అందువల్ల ఊపిరితిత్తులలో చెమ్మ చేరి ఆయాసం వస్తుంది. పాదాలలో, చీలమండలలో నీరు చేరి వాపు కనిపిస్తుంది. వెల్లకిలా పడుకొంటే ఊపిరాడకపోవడం, రాత్రివేళ ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చోవడం, కారణం తెలియని అలసట కూడా దీని లక్షణాలే.

గుండెపోటు వేరు, గుండె వైఫల్యం వేరు. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకొనిపోయి, గుండె కండరంలో కొంత భాగం హఠాత్తుగా దెబ్బతినడం గుండెపోటు. గుండె వైఫల్యం చాలామందిలో మెల్లగా ఏర్పడి ఏళ్ల తరబడి కొనసాగే స్థితి. పాత గుండెపోటు, అదుపులో లేని రక్తపోటు, చక్కెర జబ్బు, చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల చెడిన గుండె కవాటాలు, మితిమీరిన మద్యపానం దీనికి దారితీసే ముఖ్య కారణాలు.

ఎకో పరీక్ష కాగితంలో ఒక శాతం సంఖ్య ఉంటుంది. గుండె ఎడమ గది తనలో నిండిన రక్తంలో ఎంత భాగాన్ని ఒక్కొక్క స్పందనతో బయటికి పంపుతున్నదో అది తెలుపుతుంది. ఆ సంఖ్య 40 లేదా అంతకంటె తక్కువైతే గుండె కండరం పంపే బలం తగ్గిందని అర్థం. 50 లేదా అంతకు మించి ఉన్నా, గుండె గోడలు బిరుసెక్కి సరిగా సడలకపోతే వైఫల్య లక్షణాలు రావచ్చు. నడక ఈ రెండు రకాలవారికీ ఉపకరిస్తుంది.

ఈ జబ్బు మనకు ఎంత దగ్గరిదో కొండకు అవతల ఉన్న కేరళలో తీసిన లెక్క చెబుతున్నది. తిరువనంతపురంలో 2013లో మొదలైన గుండె వైఫల్య నమోదులో 18 ఆసుపత్రులలో చేరిన 1205 మంది వివరాలు సేకరించారు. వారి సగటు వయస్సు 61 ఏళ్లు. పాశ్చాత్య దేశాలలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరేవారు చాలావరకు 70 ఏళ్లు దాటినవారు. అంటే మన ప్రాంతాలలో ఇది సుమారు పదేళ్లు ముందుగా వస్తున్నది. తిరువనంతపురం రోగులలో 72 శాతం మందికి మూలకారణం గుండె రక్తనాళాల జబ్బే. ఒక్క ఏడాదిలోపల పదిమందిలో ముగ్గురు మరణించారు. నిర్దేశించిన మందులన్నీ అందినవారి స్థితి మిగిలినవారికంటె మెరుగుగా ఉన్నదని కూడా అదే నమోదు తెలిపింది. కనుక ఈ జబ్బును ముసలితనపు నీరసమని కొట్టివేయకూడదు. చేయగలిగింది ఏమీ లేదని నిరాశ చెందనూ కూడదు.

విశ్రాంతి నుంచి నడకకు

గుండె బలహీనమైనవారిని పడక మీదనే ఉంచాలని గత శతాబ్దం మధ్య కాలం వరకు వైద్యులే చెప్పేవారు. మన ఇళ్లలో నేటికీ వినిపించే మాట ఆనాటి వైద్యుల మాటే. 1980ల చివరి నుంచి జరిగిన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని మార్చాయి. ఆయాసానికి కారణం గుండె ఒక్కటే కాదని, వాడకం లేక క్షీణించిన కాలి కండరాలు కూడా కారణమని తేలింది.

వాడని కండరం రక్తంలోని ప్రాణవాయువును చక్కగా గ్రహించలేదు. చిన్న పనికే అది అలసి, ఎక్కువ రక్తం కావాలని గుండెను తొందరపెడుతుంది. క్రమంగా నడిచేవారి కండరం అందిన కొద్దిపాటి రక్తంతోనే ఎక్కువ పని చేయగలుగుతుంది. రక్తనాళాలు సులభంగా విప్పారుతాయి. గుండె మీద అనవసరమైన ఒత్తిడి కొంత తగ్గుతుంది. గుండె పంపే శాతం పెద్దగా పెరగకపోయినా మనిషి మునుపటికంటె ఎక్కువ దూరం నడవగలగడానికి కారణం ఇదే.

ఈ విషయమై జరిగిన అతి పెద్ద పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాలలో గుండె పంపే శాతం 35 లేదా అంతకు తక్కువగా ఉన్న 2331 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగంవారికి మామూలు చికిత్స, రెండవ భాగంవారికి దానితో పాటు క్రమమైన వ్యాయామం. వ్యాయామం సురక్షితమని ఈ పరీక్ష నిరూపించింది. మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే, మొదటి లెక్కలో తేడా చిన్నది, నిశ్చయంగా చెప్పలేనిది. రోగుల స్థితిలో ఉన్న తేడాలను సరిచేసి చూడగా ముప్పు 11 శాతం తగ్గింది. వ్యాయామం చేసినవారు తమ దైనందిన జీవితం మెరుగైందని మూడు నెలలలోనే చెప్పారు, ఆ మెరుగుదల తరువాత కూడా నిలిచింది. నడక మాయమందు కాదు. మందులను ఆపి నడకను నమ్ముకోకూడదు. మందులతో పాటు నడక కూడా ఉండాలి.

మొదటి అడుగుకు ముందు

నడక మొదలుపెట్టే ముందు వైద్యుని అనుమతి తప్పనిసరి. ఆసుపత్రి నుంచి ఇటీవలే ఇంటికి వచ్చినవారు, మందుల మోతాదు ఇంకా మారుతున్నవారు, కవాటం బాగా ఇరుకైనవారు తమంతట తాము మొదలుపెట్టకూడదు. ఛాతీలో పేస్‌మేకర్ వంటి పరికరం ఉన్నవారు నాడి వేగం ఎంత దాటకూడదో అడిగి తెలుసుకోవాలి.

రోగి శక్తిని అంచనా వేయడానికి వైద్యులు నాలుగు తరగతులను వాడుతారు. 1928లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ ఏర్పరచిన పద్ధతి ఇది. రోజువారీ పనులకు ఆయాసం లేనివారు మొదటి తరగతి. మెట్లు ఎక్కడం, వేగంగా నడవడం వంటి పనులకు ఆయాసపడేవారు రెండవ తరగతి. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం వంటి తేలిక పనులకే అలసిపోయేవారు మూడవ తరగతి. ఊరక కూర్చున్నా ఆయాసం ఉండేవారు నాలుగవ తరగతి. స్థితి నిలకడగా ఉన్నంతవరకు మొదటి మూడు తరగతులవారికి వారి వారి శక్తి మేరకు నడక మేలు చేస్తుంది. నాలుగవ తరగతివారికి ముందు చికిత్స, తరువాతే నడక.

ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా చేస్తారు. సుమారు 30 మీటర్ల చదునైన వసారాలో రోగి తన శక్తి కొలదీ అటూ ఇటూ నడుస్తారు. అలసితే నిలబడవచ్చు. ఆరు నిమిషాలలో సాగిన దూరాన్ని కొలుస్తారు. 300 మీటర్లు కూడా సాగకపోతే ఆ రోగి విషయంలో వైద్యులు మరింత జాగ్రత్త వహిస్తారు. కొన్ని నెలల తరువాత అదే పరీక్షను మళ్లీ చేస్తే నడక వల్ల కలిగిన లాభం అంకెలలో కనిపిస్తుంది.

ఎంత నడవాలి?

మొదటి వారం ఒక్కసారికి ఐదు నిమిషాలు చాలు. రోజుకు రెండుసార్లో మూడుసార్లో నడవవచ్చు. ఐదు నిమిషాలు కూడా కష్టమనిపిస్తే రెండు నిమిషాలు నడిచి, అరుగు మీద కూర్చొని ఊపిరి కుదుటపడిన తరువాత మరో రెండు నిమిషాలు నడవాలి. ఇలా విడతలుగా నడిచినా ఫలితం ఉంటుంది. శరీరం సహిస్తున్నదని నిశ్చయమైన పిమ్మట నాలుగైదు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకోవచ్చు. ముందుగా సమయాన్ని పెంచాలి. వేగాన్ని పెంచడం ఆ తరువాతి మాట. రెండు మూడు నెలలలో రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడవగలిగితే అది చక్కని గమ్యం. అంత చేరలేనివారికి పది నిమిషాల నడకైనా మంచానికి పరిమితం కావడంకంటె మేలే.

ప్రతి నడకకు మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా సాగాలి. తక్కువసేపు నడిచేవారు నడకంతా మెల్లగానే సాగించాలి. హఠాత్తుగా ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు.

వేగాన్ని నిర్ణయించడానికి అందరికీ అందుబాటులో ఉన్న కొలత మాట. నడుస్తూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకగలిగితే ఆ వేగం సరియైనది. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం తగ్గించాలి. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ శ్రమను కొలవడానికి 6 నుంచి 20 వరకు ఒక మెట్ల వరుసను ఏర్పరచాడు. 6 అంటే శ్రమ ఏమీ లేదు, 20 అంటే ఇక శక్తి మిగలలేదు. గుండె వైఫల్యం ఉన్నవారు 11 నుంచి 13 వరకు, అంటే "తేలికగా ఉన్నది", "కొంచెం కష్టంగా ఉన్నది" అనే మాటల మధ్య ఉండాలి.

నాడిని మాత్రమే నమ్ముకోకూడదు. ఈ జబ్బుకు వాడే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ వంటి మందులు నాడి వేగాన్ని అణచిపెడతాయి. ఎంత శ్రమపడినా నాడి అంతగా పెరగకపోవచ్చు. చేతి గడియారం చూపే అంకెకంటె మీ ఊపిరి చెప్పే మాటే నమ్మదగినది.

ఇంటి పనిలో రోజంతా తిరుగుతూనే ఉన్నాము గదా అని మన ఆడవారు అనుకొంటారు. ఆ కదలికకు విలువ ఉన్నది. అయితే వంటింటికీ పెరడుకూ మధ్య రెండు నిమిషాలకొకసారి ఆగే తిరుగుడు, బిందె ఎత్తడం, వంగి ఊడ్వడం సమవేగంతో సాగే నడకకు సరిపోవు. వారికి కూడా రోజులో పది నిమిషాలు నడకకే కేటాయించాలి. ఆ సమయాన్ని ఇవ్వడం ఇంటివారి బాధ్యత.

ముసలివారిలో కాళ్ల బలం, నిలకడ కూడా ముఖ్యమే. ఆసుపత్రిలో చేరిన 60 ఏళ్లు పైబడిన 349 మంది గుండె వైఫల్య రోగులపై అమెరికాలో జరిగి, 2021లో వెలువడిన ఒక పరీక్షలో నిలకడ, బలం, కదలిక, ఓర్పు నాలుగింటినీ కలిపి సాధన చేయించారు. మూడు నెలలలో వారి నడక, లేచి నిలబడే శక్తి మెరుగుపడ్డాయి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చొని, ఊపిరి బిగబట్టకుండా, నాలుగైదుసార్లు లేచి కూర్చోవడం ఇంట్లోనే చేయదగిన సాధన.

మన ఊరి నేల, మన ఊరి గాలి

చదునైన నేలపై గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో నడిచేవారి శరీరం, ఊరక కూర్చున్నప్పటికంటె సుమారు మూడు రెట్లు శక్తిని వాడుతుంది. చురుకుగా మెట్లు ఎక్కితే అది ఆరు రెట్లు దాటవచ్చు. పైన చెప్పిన 2009 నాటి పరీక్షలో పాల్గొన్నవారి గరిష్ఠ శక్తి సుమారు నాలుగు రెట్లు మాత్రమే. కనుక చదునుగా ఉన్న వీధిలో హాయిగా నడిచే మనిషే ఎక్కుడు రాగానే తన శక్తి అంచుకు చేరుకొంటాడు. కొండ అడుగున ఉన్న ఊరివారు దీనిని మరువకూడదు.

కొట్టగుడి ఏరు పడమటి కొండలలో పుట్టి తూర్పుగా తేని వైపు సాగుతుంది. నీరు పోయే దిక్కే నేల వాలు. అందువల్ల మన ఊరిలో పడమరకు నడిస్తే చాలాచోట్ల కొద్దిపాటి ఎక్కుడు, తూర్పుకు నడిస్తే కొద్దిపాటి దిగుడు ఉంటుంది. కంటికి చదునుగా కనిపించే వీధి కూడా బలహీనమైన గుండెకు ఏటవాలే. వీలైనంతవరకు ఉత్తర దక్షిణాలుగా సాగే చదును వీధిని, మీ వార్డులోని పార్కును, పాఠశాల మైదానాన్ని ఎంచుకోండి. తప్పనిసరిగా వాలు వీధిలోనే నడవవలసి వస్తే, ఒంట్లో శక్తి ఉన్న మొదటి సగంలో పడమరకు నడిచి, అలసిన రెండవ సగంలో తూర్పు దిగుడున ఇంటికి చేరండి. దిగుతూ దూరం పోయి, ఎక్కుతూ తిరిగి రావడం ప్రమాదకరం.

గాలి విషయంలోనూ ఇదే సూత్రం. నైరుతి రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా ఆడి నెలలో, కొండ కనుమల గుండా పడమటి గాలి బలంగా వీస్తుంది. ఎదురుగాలిలో అదే దూరానికి ఎక్కువ శ్రమ అవుతుంది. గాలికి ఎదురుగా బయలుదేరి, గాలి వీపున తగులుతుండగా తిరిగి రావడం మంచిది. దుమ్ము రేగే రోజున వసారాలోనే నడవాలి.

చిత్తిరై, వైకాసి నెలల ఎండలో శరీరాన్ని చల్లబరచడానికి గుండె చర్మానికి అదనంగా రక్తం పంపవలసి ఉంటుంది. ఆ నెలలలో సూర్యోదయానికి ముందో, ఎండ పూర్తిగా తగ్గిన సాయంత్రమో నడవాలి. మార్గళి నెలలో దీనికి విరుద్ధం. తెల్లవారుజామున చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. అప్పుడు ఎండ పొడ వచ్చిన తరువాత, చెవులు కప్పుకొని బయలుదేరాలి. ఐప్పసి, కార్తిక మాసాల వానలలో జారుడు నేలపై నడవడంకంటె ఇంటి లోపల గోడ వెంట నడవడమే క్షేమం.

భోజనమైన వెంటనే నడవకూడదు. గంటన్నర, రెండు గంటలు ఆగాలి. పాదాలకు సరిపడే, వెనుక పట్టీ ఉన్న చెప్పులు గాని బూట్లు గాని తొడగాలి. చక్కెర జబ్బు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవనేకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి గుచ్చుకొన్న ముల్లు తెలియదు.

మందులు, నీరు, ఉప్పు

ఫ్యూరోసెమైడ్ వంటి నీటి మాత్ర వేసుకొన్న తరువాత కొన్ని గంటలపాటు మూత్రం ఎక్కువగా వస్తుంది. వీధిలో ఇబ్బంది అవుతుందని నడిచే రోజున ఆ మాత్రను మానేసేవారు ఉన్నారు. అది చాలా ప్రమాదకరం. మాత్రకు ముందే నడకను ముగించవచ్చు, లేదా సాయంత్రానికి మార్చుకోవచ్చు. మాత్ర వేళను మార్చాలంటే వైద్యుని అడగాలి. ఈ మందుల వల్ల లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. కనుక మంచం అంచున ఒక నిమిషం కూర్చొని, తరువాత లేవాలి. ఇన్సులిన్ తీసుకొనేవారు నడకకు పోయేటప్పుడు జేబులో కొంచెం బెల్లం గాని చక్కెర గాని ఉంచుకోవాలి.

వైద్యులు రోజుకు ఇంత నీరే తాగాలని పరిమితి పెట్టి ఉంటే, చెమట పట్టిందని ఆ పరిమితిని సొంతంగా దాటకూడదు. ఎండాకాలంలో ఆ పరిమితి మార్చాలా అని ముందుగానే అడగాలి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములకు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప, పొట్లాలలో అమ్మే చిరుతిండి ఆ పరిమితిని తెలియకుండానే దాటిస్తాయి. ఉప్పుతో చేరిన నీరు మరునాటి నడకను ఆయాసంగా మార్చుతుంది.

నడవకూడని రోజులు

ప్రతి ఉదయం మూత్ర విసర్జన తరువాత, ఏమీ తినకముందు బరువు చూసుకొని ఒక పుస్తకంలో రాయాలి. మూడు రోజులలో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది కొవ్వు కాదు, శరీరంలో చేరిన నీరు. ఆనాడు నడక మాని వైద్యుని సంప్రదించాలి. కింది వాటిలో ఏది ఉన్నా ఆ రోజు నడవకూడదు:

కూర్చున్నా, పడుకొన్నా ఆయాసం ఉండడం. రాత్రి దిండ్లు ఎక్కువ వేసుకోవలసి రావడం.
కాళ్ల వాపు, పొట్ట ఉబ్బరం కొత్తగా రావడం లేదా పెరగడం.
జ్వరం, విరేచనాలు, తీవ్రమైన దగ్గు.
నిన్నటి నడక అలసట ఈనాటికీ తీరకపోవడం.

నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బిగువు, నొప్పి భుజానికి, దవడకు పాకడం, కళ్లు తిరగడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, మాట రానంత ఆయాసం వస్తే వెంటనే ఆగి కూర్చోవాలి. కూర్చొన్నా తగ్గకపోయినా, స్పృహ తప్పినా, నురగతో కూడిన కఫం వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆయాసపడుతున్న వ్యక్తిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. వీపుకు ఆసరా ఇచ్చి, కాళ్లు కిందికి వేలాడేటట్లు కూర్చోబెట్టాలి.

కొండ పని, పాదయాత్ర, గిరిప్రదక్షిణం

మన ఊరి నుంచి ఎందరో తెల్లవారగానే జీపులలో కొండమీది ఏలకుల తోటలకు పనికి పోతారు. గుండె వైఫల్యం ఉన్న కూలీకి తోట పని వ్యాయామంతో సమానం కాదు. నడకలో వేగం మన చేతిలో ఉంటుంది, అలసితే ఆగవచ్చు. తోటలో ఏటవాలు నేల, తలమీది మూట, సాయంత్రంలోగా ముగించవలసిన పని మన మాట వినవు. బోడిమెట్టు మన ఊరికంటె సుమారు వెయ్యి మీటర్లు ఎత్తున ఉన్నది. ఏ పని చేయవచ్చో, ఎంత బరువు మోయవచ్చో వైద్యునితో చెప్పి స్పష్టంగా రాయించుకోవాలి. కాయలను వేరుచేయడం వంటి కూర్చొని చేసే పని దొరికితే దానిని కోరుకోవాలి. కూలి పోతుందనే భయంతో జబ్బును దాచడం కుటుంబానికే నష్టం.

పాదయాత్రల విషయంలోనూ వివేకం అవసరం. తైపూసానికి పళనికి నడవడం, శబరిమలకు పోవడం, కొండగుడి చుట్టూ పౌర్ణమి ప్రదక్షిణం చేయడం మన ప్రాంతంలో తరతరాల ఆచారం. రోజూ అరగంట హాయిగా నడుస్తున్నవారు సైతం వీటిని దానితో పోల్చుకోకూడదు. శబరిమలలో నీలిమల ఎక్కుడు ఆరోగ్యవంతులకే కఠినం. నిద్ర లేమి, ఉపవాసం, తప్పిపోయిన మాత్రలు, జనసమ్మర్దం కలిసి శ్రమను పెంచుతాయి. మొక్కు ఉన్నవారు వాహనంలో పోయి, చదునుగా ఉన్న కొద్ది దూరం మాత్రం నడిచి దర్శనం చేసుకోవచ్చు. దేహాన్ని కాపాడుకోవడం కూడా ధర్మమే.

తమిళనాడు ప్రభుత్వం 2023 నవంబరు 4న ప్రతి జిల్లాలోనూ 8 కిలోమీటర్ల ఆరోగ్య నడక బాటను ప్రారంభించింది. "నడప్పోం నలం పెరువోం" అనే ఆ పథకం పేరుకు "నడుద్దాం, ఆరోగ్యం పొందుదాం" అని అర్థం. ఆ 8 కిలోమీటర్లు సామాన్యులకు ఉద్దేశించినవి. గుండె వైఫల్యం ఉన్నవారికి ఆ దూరం లక్ష్యం కాదు. పక్కవారితో పోటీపడి నడవడం వారికి తగదు.

ఇంటివారు చేయవలసినది

మొదటి కొన్ని వారాలు ఎవరైనా ఒకరు వెంట నడవాలి. వెంట నడిచేవారు ముందు పోకుండా, రోగి అడుగుకు తమ అడుగు కలపాలి. దారిలో ఎవరి అరుగు మీద కూర్చోవచ్చో, ఎక్కడ నీడ ఉన్నదో ముందే చూసి ఉంచుకోవాలి. రోగి జేబులో పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. "ఈ వయస్సులో ఎందుకు ఈ తిరుగుడు" అనే ఇరుగుపొరుగు మాటకు ఇంటివారే జవాబు చెప్పాలి. ఇంటి ముందు అరుగును అలసినవారికి విడిచిపెట్టడం, కాలిబాట మీద బండ్లు నిలపకుండా ఉండడం వీధివారందరూ చేయగల సహాయం.

నడక మానివేసే రోజులు అందరికీ వస్తాయి. జ్వరం వచ్చి వారం రోజులు ఆగినవారు, ఆగిన చోటు నుంచి కాక సగం సమయం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎక్కడ సహాయం దొరుకుతుంది?

మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపోటు, చక్కెర, బరువు చూపించుకొని నడకకు అనుమతి అడగవచ్చు. పెద్ద పరీక్షలు, నిపుణుల సలహా అవసరమైనవారు తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి గాని పోవచ్చు. 2023 జూన్ నుంచి బోడి, మదురైల మధ్య రైలు మళ్లీ నడుస్తున్నందున దూరప్రయాణం చేయలేని రోగులకు కొంత సౌకర్యం కలిగింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన "మక్కళై తేడి మరుత్తువం" పథకం కింద రక్తపోటు, చక్కెర జబ్బులకు మందులు ఇంటికే అందుతాయి. ఇల్లు కదలలేనివారికి ఫిజియోథెరపీ సేవ కూడా ఆ పథకంలో ఉన్నది. మంచం మీది నుంచి లేచి మొదటి అడుగులు వేయవలసినవారు దానిని అడిగి పొందాలి. ఆరోగ్య సలహాకు 104, అత్యవసరానికి 108.

వైద్యుని వద్దకు పోయేటప్పుడు బరువు రాసిన పుస్తకాన్ని, వాడుతున్న మాత్రల అట్టలను తీసుకొని పోండి. నాలుగు ప్రశ్నలు అడగండి: నేను నడవవచ్చునా? ఒక్కసారికి ఎన్ని నిమిషాలు? ఎక్కుడు, మెట్లు, బరువు విషయంలో నా పరిమితి ఏమిటి? ఏ గుర్తు కనిపిస్తే మీ వద్దకు రావాలి? ఈ నాలుగింటికి వచ్చిన జవాబులను ఆ పుస్తకం మొదటి పుటలోనే రాయించుకోండి. ఆ పుటలో ఉన్నదే మీ నడక మోతాదు.